నీలి తలుపు బడికి నేను చేసిన తనిఖీ

మా అమ్మాయిని ఒకటో తరగతికి ఏ బడిలో వేయాలన్న విషయంలో నాకూ మా ఆవిడ యస్నాకూ అభిప్రాయభేదం ఎప్పుడూ లేదు. ఆవిడకి అభిప్రాయం ఉంది, నాకు భయం ఉంది. అంతే తేడా.

మా ఇంటికి నూట పన్నెండు మెట్లు పైన, అదే కొండ మీద, నీలి తలుపు బడి ఉంది. సర్కారు బడి. రేకుల కప్పు, ఆరు గదులు, ఎనభై ముగ్గురు పిల్లలు. యస్నా చదువుకున్నది అక్కడే. కొండ దిగి, చేపల బజారు దాటి, రెండు బస్సులు మారితే సాన్ లుపెర్సియో బడి వస్తుంది. అక్కడ తొమ్మిది వందల మంది పిల్లలు, ముదురు ఎరుపు కోట్లు, గంట బదులు బ్యాండు పాట.

"ఆ కోట్లు ఎంత బావున్నాయో చూడు" అన్నాను నేను.

"బావున్నాయి. చేర్పించేది కోటునా, పిల్లనా?" అంది యస్నా.

యస్నాతో వాదించడం కష్టం. ఆవిడ ఇంట్లోనే కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. కిటికీ పక్కన బల్ల మీద ఎప్పుడూ ఊళ్ళో పదిమంది దవడలు వరసగా పెట్టి ఉంటాయి. నేనేమన్నా తెలివితక్కువ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వే శ్రమ కూడా తీసుకోదు. ఆ పని అవే చేస్తుంటాయి.

నా భయం సంగతి చెబుతాను. మా అంపారోకి ఐదున్నరేళ్ళు. ఇంట్లో దానికి నోరు మూతపడదు. రొట్టె తింటూ మాట్లాడుతుంది, స్నానం చేస్తూ మాట్లాడుతుంది, నిద్రలో ఎవరితోనో పోట్లాడుతుంది. అమ్మ బల్ల ముందు కూర్చుని ఒక్కో దవడకీ పేరుపెట్టి ఊసులు చెబుతుంది. కానీ గడప దాటితే మాట లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కిందటేడు పిల్లల బడిలో ఎనిమిది నెలలు పెదవి విప్పలేదు. అక్కడి పంతులమ్మ పాపం మంచిది. పిల్ల పుట్టు మూగేమో అనుకుని, తను చేతి సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

డాక్టరుగారు చూసి, "ఏ లోపమూ లేదు. టైము వస్తే అదే మాట్లాడుతుంది" అన్నారు.

టైము రావడానికి అదేమన్నా బస్సా? స్టాపులో నిలబడితే ఏడింటికి కాకపోతే ఏడుంపావుకైనా వస్తుందనుకోవడానికి. 

ఏ బడి కావాలో ప్రభుత్వం వాళ్ళ కంప్యూటర్లో వరసగా రాసి పంపాలి. ఆ శుక్రవారమే ఆఖరి రోజు. ఆదివారం సాయంత్రం టీ తాగుతూ యస్నా ఒక మాట అంది.

"నిబాల్దో, నేను ఇంక వాదించను. నువ్వే వెళ్ళి ఆ బడి చూడు. గురువారం తల్లిదండ్రులకి బడి చూపిస్తున్నారు. మనిద్దరి పేర్లూ రాయించేశాను. చూసొచ్చి నువ్వేది ముందు పెట్టమంటే అదే పెడతాను."

ఆవిడ అంత సులభంగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది. రేవులో నా ఉద్యోగమే అనుమానించడం. ఓడెక్కే పళ్ళ పెట్టెల్లో వందకి ఒకటి తెరిచి, పండు నొక్కి చూసి, మిగతా తొంభై తొమ్మిదీ ఎలాంటివో చెప్పాలి. పళ్ళ విషయంలో నన్ను మోసం చేసినవాడు లేడు. పెళ్ళాం విషయం వేరు.

రేవులో నా పక్క షెడ్డులో ఫ్రుక్తువోసో అని ఉన్నాడు. మేమంతా అతన్ని సలహాల సంచి అంటాం. ముగ్గురు పిల్లల తండ్రి. సోమవారం నా ప్రశ్నల కాగితం అతనికి చూపించాను. నలభై ప్రశ్నలు. బడిలో కిటికీలెన్ని, పంతుళ్ళు ఏడాదికెన్ని రోజులు మానేస్తారు, ఏడ్చే పిల్లని ఎవరు చూస్తారు, అలాంటివి.

"గురువారం వెళ్ళి ఇవి అడుగుతావా?" అన్నాడు సంచి, జాలిగా. "గురువారం ప్రతి బడీ ఫోటోకి కూర్చున్న పెళ్ళికూతురిలా ఉంటుందిరా. మామూలు రోజున వెళ్ళాలి. చెప్పకుండా వెళ్ళాలి. నువ్వు పెట్టె తెరిచేముందు పండుకి ఉత్తరం రాస్తావా?"

ఆ మాట నాకు నచ్చింది. నచ్చకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మంగళవారం పొద్దున్న సెలవు పెట్టాను. యస్నాతో రేవుకే వెళ్తున్నానని చెప్పి, మెరిసే పట్టీల నారింజ కోటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, రాసుకునే అట్ట చంకలో పెట్టుకుని బయల్దేరాను. మామూలుగా కిందికి దిగేవాణ్ణి, ఆ రోజు పైకెక్కాను. మా వైపు ఆగస్టు అంటే చలికాలం, వాన సన్నగా పడుతోంది. నూట పన్నెండో మెట్టుకి నాకు ఊపిరి లేదు, మోకాళ్ళు లేవు, ధైర్యం కూడా అంతంతమాత్రమే.

నీలి తలుపు తెరిచింది ఒక పొట్టి పెద్దావిడ. పిల్లలందరికీ ఆవిడ గేటు పిన్ని. భుజం మీద శాలువా, చేతిలో తాళాల గుత్తి, పక్కన కిరసనాయిలు హీటరు మీద కెటిల్లో నీళ్ళు మరుగుతున్నాయి. నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది.

"కప్పు కోసమేనా వచ్చారు?"

నేను చలికి వణుకుతున్నాను. నా కళ్ళు కెటిల్ మీద ఉన్నాయి. "దాని కోసమనే కాదు గానీ, ఉంటే మంచిదే" అన్నాను.

"ఉంటే మంచిదా? ఉందో లేదో తెలియని కప్పు కింద రెండు శీతాకాలాలు గడిపాం నాయనా. ఎన్ని అర్జీలు పెట్టాం. ఆఖరికి వచ్చారు కదా, అదే పదివేలు. ముందు పుస్తకంలో పేరు రాయండి."

అప్పటికి అర్థమైంది ఆవిడ అన్నది ఏ కప్పో. అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పాలనే నోరు తెరిచాను. ఆవిడ పెన్ను చేతిలో పెట్టింది. దొంగ పేరేదీ తట్టక నా పేరే రాశాను, ఇంటిపేరుతో సహా. ఒక్కటి మాత్రం గమనించండి. నేను అబద్ధం ఆడలేదు. తల ఊపానంతే.

హెడ్మిస్ట్రెస్ ఎర్సీలియా గారు సన్నగా, పొడుగ్గా, కొండ మీద జెండా కర్రలా ఉన్నారు. నన్ను చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఎవరి ముఖమూ నన్ను చూసి అలా వెలగడం అలవాటు లేక నేను కంగారు పడ్డాను.

"ఏదీ దాచను, అన్నీ చూపిస్తాను. మీరు అన్నీ రాసుకోండి" అన్నారు.

నేను వచ్చింది లోపాలు ఏరుకోవడానికి. ఆవిడ వాటిని బుట్టతో సహా ఇస్తున్నారు. ఒకటో తరగతి గదిలో రెండు చోట్ల కారుతోంది, కింద ఒక బకెట్టు, ఒక గంజి గిన్నె. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ సరిగ్గా పడదు. పియానోకి నాలుగు మెట్లు పలకవు. "ఆ నాలుగూ లేని పాటలే నేర్పుతున్నాం" అన్నారు ఆవిడ. లైబ్రరీ అంటే వరండా చివర రెండు బీరువాలు. కానీ వాటి ముందు చాప అరిగిపోయి ఉంది. అరిగిన చాపని లోపం కింద రాయాలో గుణం కింద రాయాలో తేలక, పెన్ను నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

నా నలభై ప్రశ్నల్లో ఇరవై రెండింటికి జవాబు అడగకుండానే వచ్చేసింది. అన్నీ నాకు అనుకూలంగానే ఉన్నాయి. మరి నాకు సంతోషం ఎందుకు రాలేదో తెలియదు.

"మరి ఈ గోడ సంగతేమంటారు?" అన్నారు ఎర్సీలియా గారు.

ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. గోడని పుచ్చకాయలా వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి విన్నాను.

"లోపల మెత్తబడింది" అన్నాను.

ఆవిడ గేటు పిన్ని వైపు తిరిగి, "చూశావా, ఇన్నాళ్ళకి తెలిసిన మనిషిని పంపించారు" అన్నారు. గేటు పిన్ని నవ్వు ఆపుకున్నట్టు నాకు అనిపించింది. వానకి దగ్గేమో అనుకున్నాను.

తర్వాత నిచ్చెన వచ్చింది.

నేను కొండ మీద పుట్టి, కొండ మీద పెరిగి, కొండ మీద కాపురం చేస్తున్న మనిషిని. కానీ ఎత్తు అంటే నాకు పడదు. మా ఇంట్లో బల్బు మార్చేది యస్నా. ఆ మాట చెప్పబోయేసరికి ఇంటర్వెల్ గంట కొట్టారు. ఎనభై ముగ్గురు పిల్లలూ ముంగిట్లోకి వచ్చి నిచ్చెన చుట్టూ నిలబడ్డారు. ఎక్కడం మొదలుపెట్టాను. మెట్టు మెట్టుకీ అందరూ కలిసి లెక్కపెట్టారు. ఆరో మెట్టు దగ్గర నేను ఆగితే, "ఆరున్నర" అన్నారెవరో.

కప్పు మీద ఏముందనుకున్నారు? గాలికి లేచిన రెండు రేకులు, ఊడిన మేకులు, పదకొండు బంతులు. ముందు బంతులు కిందికి విసిరాను. ఒక్కో బంతికీ కింద నుంచి కేకలు, చప్పట్లు. నా జీవితంలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు, నా పెళ్ళిలో కూడా కొట్టింది యస్నాకే. ఆ ఊపులో గేటు పిన్ని అందించిన సుత్తి తీసుకుని మొదటి రేకు బిగించేశాను కూడా.

రెండో రేకు దగ్గరికి పాకేసరికి గంట మోగింది. పిల్లలు తరగతుల్లోకి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే నిచ్చెన లేదు.

"అమ్మా, నిచ్చెన" అన్నాను.

"గోడకి నిచ్చెన వదిలేయకూడదు బాబూ, పిల్లలు ఎక్కుతారు. రూలు. మీరు పని కానివ్వండి" అంది గేటు పిన్ని కింద నుంచి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తూ.

అలా నేను ఒకటో తరగతి నెత్తి మీద బోర్లా పడుకుని ఉండిపోయాను. వాన పెరిగింది. మేకు కొడితే కింద పాఠం చెడుతుందేమోనని కొట్టలేకపోయాను. కొట్టకపోతే పని తెమలదు. లేచిన రేకు కింద ఇంత వెడల్పు కన్నం. దాన్లోంచి వెచ్చటి గాలి, సుద్ద వాసన, పిల్లల మాటలు పైకి వస్తున్నాయి. కన్ను ఆనించి చూశాను. చెప్పకుండా చూడాలని కదా నేను వచ్చింది. ఇంతకంటే చెప్పకుండా ఎవరూ చూడలేరు.

కింద పద్నాలుగు మంది పిల్లలు, ఒకటీ రెండూ తరగతులు కలిపి. పంతులమ్మ పేరు రోసాల్బా, పిల్లలకి రోసాల్బా పిన్ని. బోర్డు మీద కూడికలు. ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఒకడు తప్పు చెప్పాడు, మళ్ళీ చెప్పమంది. ఒకమ్మాయి అడగకుండానే చెప్పింది, ఆగమంది. మూడో వరసలో రెండు జడల పిల్ల వంతు వచ్చింది.

"మైతెన్, నాలుగూ మూడూ?"

ఆ పిల్ల మాట్లాడలేదు. తల వంచుకుని బల్ల అంచు చూస్తోంది. నాకు ఆ తల వంచడం తెలుసు. ఆ మెడ తెలుసు.  ఇప్పుడేమవుతుందో కూడా నాకు తెలుసు. పంతులమ్మ ఇంకోసారి అడుగుతుంది, గొంతు పెంచుతుంది, పిల్లలందరూ వెనక్కి తిరిగి చూస్తారు. జూన్లో అంపారోని సాన్ లుపెర్సియోకి తీసుకెళ్ళినప్పుడు అక్కడి మేడం మైకు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టి, "పేరు చెప్తేనే లోపలికి" అంది నవ్వుతూ. అంపారో నా కోటు లోపల దూరి బయటికి రాలేదు. మేడం గడియారం చూసుకుంది. ఇంటికొచ్చి యస్నాతో, "అక్కడ క్రమశిక్షణ బాగుంది" అని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు.

రోసాల్బా పిన్ని ఏమీ అనలేదు. చేతిలో సుద్దముక్క తిప్పుతూ, అక్కడే నిలబడి ఆగింది. కాసేపటికి ఆ పిల్ల వేలి కణుపుతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పైన నేను కూడా లెక్కపెడుతున్నాను. ఐదు, ఆరు, ఏడు. ఆపేసింది.

"ఏడు. సరిగ్గా చెప్పావు" అంది రోసాల్బా పిన్ని, పక్క పిల్లాడి వైపు తిరుగుతూ. "తర్వాత నువ్వు."

అంతే. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఒక్కరూ నవ్వలేదు. పక్క పిల్లాడు తన కూడిక తప్పు చెప్పాడు.

నేను ఆ కన్నం దగ్గర ఎంతసేపు ఉన్నానో తెలియదు. వీపు మొత్తం తడిసింది. ముఖం కూడా తడిసింది, వానకే అనుకోండి. మధ్యాహ్నం బువ్వ గంట కొట్టి పిల్లలు బయటికి వెళ్ళాక ఆ రేకుని బిగించాను. నాలుగు మేకులు చాలు. తొమ్మిది కొట్టాను.

నిచ్చెన తిరిగి వచ్చింది. కింద నాకు ఒక పళ్ళెం నిండా నూడిల్స్ కలిపిన వేడి చిక్కుడు గింజలు పెట్టారు. చిన్న చిన్న బెంచీల మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించి తిన్నాను. ఎదురుగా కూర్చున్న ఒకమ్మాయి నన్ను నిదానంగా పరిశీలించి, "నీకు భయం వేసిందా?" అంది.

"వేసింది" అన్నాను.

"నాకు తెలుసు" అని తన రొట్టెలో సగం విరిచి ఇచ్చింది.

వెళ్ళేటప్పుడు ఎర్సీలియా గారు, "మరి రిపోర్టు ఎప్పుడు పంపుతారు?" అని అడిగారు. త్వరలోనే అని గొణిగి, నూట పన్నెండు మెట్లూ యాభై అంగల్లో దిగాను.

ఇంట్లో యస్నా ఎవరివో కింది దవడ పళ్ళకి మెరుగు పెడుతోంది. నన్ను చూసింది. తడిసిన కోటు, చినిగిన మోకాలు, జుట్టులో తుప్పు.

"రేవులో పని ఎక్కువగా ఉందా?"

"ఉంది."

"పళ్ళ పెట్టెలు బాగా ఎత్తున పేర్చారేమో."

హెల్మెట్ తీసి మేకుకి తగిలించాను. అంపారో పరుగెత్తుకొచ్చి ఆ రోజు దవడలకి జరిగిన పెళ్ళి గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పింది.  ఈ గొంతుని నేను ఎక్కడ వదిలి రావాలి?

సాయంత్రం టీ దగ్గర యస్నా కంప్యూటరు ముందు కూర్చుంది. "ఇంక గురువారం దాకా ఎందుకులే. పెట్టేస్తున్నాను. ఒకటి, సాన్ లుపెర్సియో. రెండు, నీలి తలుపు."

"ఒక్క నిమిషం" అన్నాను.

"ఏం?"

"మరీ అంత తొందరేముంది?"

"నువ్వేగా అన్నావు. తొమ్మిది వందల మంది పిల్లలు, ఎర్ర కోట్లు."

"తొమ్మిది వందల మందిలో దీని పేరు ఎవరికి గుర్తుంటుంది?"

"బ్యాండు పాట ఉందిగా."

"పాటేం చేసుకుంటాం యస్నా. నీలి తలుపులో పియానో ఉంది."

"పలుకుతుందా?"

"నాలుగు మెట్లు తప్ప అన్నీ పలుకుతాయి."

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పింది. "కప్పు కారుతుందన్నారు కదా?"

"కారదు" అన్నాను. గొంతు కాస్త ఎక్కువగానే లేచింది. "ఇప్పుడు కారదు."

"నీకెలా తెలుసు?"

బల్ల మీద దవడలన్నీ నన్నే చూస్తున్నాయి. ఇంక దాచలేక మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. కోటు, హెల్మెట్, గోడకి చెవి పెట్టడం, నిచ్చెన, బంతులు. ఆవిడ నవ్వలేదు. మైతెన్ దగ్గరికి వచ్చేసరికి నా మాట ఆగిపోయింది. నోటితో చెప్పలేక బల్ల మీద వేలితో ఏడుసార్లు కొట్టి చూపించాను. యస్నా నా చేతి మీద చెయ్యి వేసింది. 

తర్వాత లిస్టులో పేర్లు అటూ ఇటూ మార్చి, బటన్ నొక్కింది. అప్పుడంది, "ఎర్సీలియా గారు పొద్దున ఫోన్ చేశారు."

"ఎవరికి?"

"నాకే. గురువారం కోసం పేర్లు రాయించాను కదా, అందులో నీ పేరు ఉంది. గేటు పుస్తకంలో కూడా అదే పేరు. 'మీ ఆయన మా కప్పు మీద ఉన్నారు. దించమంటారా, ఉంచమంటారా?' అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఒకటో తరగతి పాఠం అయ్యేదాకా ఉంచమన్నాను."

టీ కప్పు కింద పెట్టాను. "అంటే వాళ్ళకి మొదటి నుంచీ తెలుసా?"

"గేటు పిన్నికి నిన్ను చూడగానే తెలిసిందిట. ఆఫీసు వాళ్ళు పదకొండు లోపల రారుట, ఒక్కరే రారుట, వచ్చినా నిచ్చెన ఎక్కరుట. కానీ సుత్తి పట్టుకుంటానన్న మనిషిని ఎలా వదులుకుంటాం అందిట."

నేను సుత్తి పట్టుకుంటానని ఎప్పుడూ అనలేదు. తల ఊపానంతే.

గురువారం ఇద్దరం వెళ్ళాం. నేను గుంపులో ఆఖరున, గోడకి అతుక్కుని నిలబడ్డాను. ఎర్సీలియా గారు వచ్చిన తల్లిదండ్రులందరితో, "మా బడిని ఆయన కంటే క్షుణ్ణంగా చూసినవారు లేరు. మీ సందేహాలన్నీ ఆయన్నే అడగండి" అని నా వైపు చెయ్యి చూపించారు. కాగితం మడిచి పట్టుకున్న ఒకాయన, ముఖం నిండా నిద్రలేమితో, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏడ్చే పిల్లని ఎవరు చూస్తారండీ?" అని అడిగాడు. పాపం, నాలాంటివాడే. వరండాలో కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను.

అక్టోబరులో సీటు వచ్చింది. బళ్ళు తెరిచే మార్చిలో అంపారో ఆ బడి తెల్ల కోటు వేసుకుని నీలి తలుపులోంచి లోపలికి వెళ్ళింది. ఒక్క మాట లేదు. ఏప్రిల్ అంతా లేదు. మేలో కూడా లేదని నా లెక్క. మధ్యాహ్నం తీసుకురావడానికి సెలవు దొరికిన రోజు వెళ్ళేవాణ్ణి. గేటు పిన్నిని కళ్ళతోనే అడిగేవాణ్ణి. ఆవిడ పెదవి విరిచి భుజాలు ఎగరేసేది. ఇంటికి తిరిగొచ్చే దారంతా అంపారో నా చెయ్యి పట్టుకుని దిగి, మా గడప దాటగానే ఎక్కడ ఆపిందో అక్కడినుంచి అందుకునేది. రోజుకో కొత్త కబురు, అదే గదిలో ఇప్పుడు రెండో తరగతికొచ్చిన మైతెన్ గురించి. మైతెన్ ఇలా, మైతెన్ అలా. నేను వినేవాణ్ణి. వింటూ ఆ డాక్టరుగారి బస్సు గురించి ఆలోచించేవాణ్ణి.

జూన్ రెండో వారంలో అంపారో సంచి సర్దుతుంటే బడి నోటు పుస్తకం కింద పడింది. తెరిచి చూశాను. రోసాల్బా పిన్ని గుండ్రటి అక్షరాలు.

"అంపారో పాఠం జరుగుతుండగా మైతెన్‌తో ఆగకుండా మాట్లాడుతోంది. మిగతా పిల్లలకి ఇబ్బందిగా ఉంది. దయచేసి ఇంట్లో మందలించగలరు."

మూడుసార్లు చదివాను. నాలుగోసారి అక్షరాలు కనపడలేదు. పుస్తకం పట్టుకుని యస్నా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.

"ఓ, ఇంకొకటి వచ్చిందా?"

"ఇంకొకటి అంటే?"

"ఇది మూడోది. మొదటి రెండిటికీ నేనే సంతకం పెట్టి పంపాను."

"మూడోదా? ఎప్పటి నుంచి?"

"మే మొదటి వారం నుంచి."

"నెల్లాళ్ళయిందా? నాకెందుకు చెప్పలేదు యస్నా?"

"చెప్పాలనే ఉంది. చెబితే మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ గది కిటికీ కింద చెవి పెట్టుకుని నిలబడేవాడివి. నిన్ను చూసి అది మళ్ళీ నోరు మూసుకునేది. గేటు పిన్నికి కూడా నేనే చెప్పాను, నువ్వు అడిగితే భుజాలు ఎగరేయమని."

కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వంటింట్లోంచి అంపారో పాట వినిపిస్తోంది. బడిలో నేర్చుకున్నదే. నోటు పుస్తకం మళ్ళీ చదివాను. 'ఆగకుండా' అన్న మాట దగ్గర ఆగాను.

"ఆగకుండా అంటే, మరీ ఎంతసేపు మాట్లాడుతోందంటావు?" అన్నాను. "పాఠం వినకుండా మాట్లాడితే చదువెలా వస్తుంది? పక్కపిల్ల చదువు కూడా పాడవుతుంది కదా. ఒకసారి డాక్టరుగారికి చూపిద్దామా?"

యస్నా బల్ల మీద దవడలు కాస్త పక్కకి జరిపి, చోటు చేసి, పెన్ను నా చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టు" అంది.

పెట్టాను.